వలదారం లేని పుట

"తినకపోతే మానెయ్యమను! నానేటి సేసేది?"

లక్ష్ముడు గుమ్మంలో నిలబడి అరిచిన అరుపుకి పొయ్యి దగ్గరున్న తాతమ్మ ఉలిక్కిపడింది. గోడవారన కూర్చున్న బుల్లమ్మ మోకాళ్ళు మరింత దగ్గరకు లాక్కుంది. ఎవరినుద్దేశించి అరిచాడో ఆ కూర్మమ్మ మాత్రం కదల్లేదు. చాప మీద అలాగే కూర్చుని ఉంది. ఆమె ముందున్న గంజి చల్లారి, పైన పొర కట్టింది.

"కన్నతల్లిని అలగంటారేటి మావా?" అంది తాతమ్మ.

"మరెలగనాల? పుస్తకం సదివితేగాని ముద్ద ముట్టదట. పుస్తకం నా సేతిలో ఉన్నాదేటి? గంగులు మావ ఇంట్లో దూలం మీదున్నాది. ఈదంతా ఒక మాటయి పెట్టించినారు. నానొక్కడినీ ఎల్లి దింపుకొస్తానేటి?"

"పట్టుకెళ్ళి ఇచ్చింది ఎవురు? ఈదొచ్చి పట్టుకెళ్ళిందా?"

లక్ష్ముడు భుజం మీది తుండుగుడ్డ తీసి దులిపి, మళ్ళీ భుజం మీదే వేసుకున్నాడు.

అప్పుడు కూర్మమ్మ తలెత్తింది.

"నీ మీద కోపం కాదురా లక్ష్మా. అలకా కాదు. లోపలున్నది ఆకలితో ఉండగా పైదానికి పెడితే దిగదురా. గొంతులోనే నిలబడిపోతాది. నానేటి సెయ్యను?"

ఆ గొంతులో విసురు లేదు. అందుకే లక్ష్ముడు నిలవలేకపోయాడు. ఎండలోకి దిగి తెప్పల వైపు వెళ్ళిపోయాడు.

పుస్తకం ఇల్లు వదిలి ఆ రోజుకి ఆరు రోజులు.

ఏటా దసరా నాడు వీధంతా కలిసి పెద్దవల మొదటిసారి సముద్రంలోకి దింపుతారు. దింపే ముందు వీధిలోకెల్లా పెద్ద ముత్తవ్వ వల మీద పసుపునీళ్ళు చల్లి, గంగమ్మకు మొక్కాలి. రెండేళ్ళ నుంచి ఆ పెద్దరికం కూర్మమ్మది. కిందటేడు జ్వరమని తప్పించుకుంది. ఈ ఏడు తప్పించుకోలేదు. "నాను మొక్కేది ఒక్కడికేరా, అబద్దం మొక్కు మొక్కలేను," అని అందరి ఎదుటా చెప్పేసింది. పసుపునీళ్ళ చెంబు ఇసుకలోనే ఉండిపోయింది. వల దింపారు. నలభై మంది రెండు పక్కలా తాళ్ళు పట్టి లాగుతుంటే, నడి సంచి దగ్గర నిలువునా చినిగి, చేపలు ఉన్నవి ఉన్నట్టే జారిపోయాయి.

కూర్మమ్మ పుస్తకం వల్లే చినిగిందని వీధంతా అంది. ఆ సాయంత్రమే లక్ష్ముడు తల్లి తలగడ కింద నుంచి బైబిలు తీసి, వీధి పెద్ద గంగులు ఇంట్లో పెట్టి వచ్చాడు.

కూర్మమ్మకు చదువు రాదు. ఏడేళ్ళ కిందట కడుపులో గడ్డ తీయించుకోవడానికి పట్నం ఆసుపత్రిలో నెలన్నర ఉంది. అక్కడ దీనమ్మ గారని ఒక బైబిలు స్త్రీ మంచాల మధ్య తిరుగుతూ, గంజి తాగించే ముందు ప్రతి రోగికీ ఒక వాక్యం చదివి వినిపించేది. "ముందు లోపలిదానికి పెట్టాలమ్మా, తర్వాత పైదానికి," అనేదట. వచ్చేటప్పుడు పుస్తకం కూడా ఆవిడే ఇచ్చింది. ఆ నాటి నుంచి కూర్మమ్మ వాక్యం వినకుండా ముద్ద ఎత్తలేదు. ఎనిమిదో తరగతి దాకా చదివిన మనవరాలు బుల్లమ్మ పొద్దున్నే ఒకటి చదివేది. దాన్నే నోట్లో నానబెట్టుకుని, చేపలు ఎండబెడుతూ, తనకు తోచిన రాగం కట్టి రోజంతా పాడుకునేది.

పుస్తకం పోయాక అయిదు రోజులు బుల్లమ్మ తనకు కంఠతా వచ్చినవి చెప్పుకొచ్చింది. మొదటిరోజు గొర్రెల కాపరి కీర్తన. రెండో రోజు కొండలవైపు కళ్ళెత్తే కీర్తన. తర్వాత ధన్యులెవరో చెప్పే మాటలు. తర్వాత ప్రేమ ఎలాంటిదో చెప్పే ఉత్తరం. నిన్న, పడవలో నిద్రపోయిన ప్రభువు లేచి గాలిని గదమాయించిన సంగతి. అదంటే మామ్మకు ప్రాణం. రెండు గిన్నెలు తాగింది.

ఇవాళ చెప్పడానికి బుల్లమ్మ దగ్గర ఏమీ మిగల్లేదు.

"సద్దన్నం తింటావు గదా అత్తా," అంది తాతమ్మ, నవ్వించాలని. "మొన్నటి సద్దివాక్యం తినకూడదేటి? కాపరిది మళ్ళీ సెప్పించుకో."

కూర్మమ్మ నిజంగానే నవ్వింది. "నువ్వు ఉల్లిపాయ కొట్టి పెడతావు గనక సద్ది తింటానే. ఆయన అలగ కాదు. ఏ పూటకా పూటే వొండుతాడు."

"ఆయనకేటి, పిల్లలా జెల్లలా," అని గొణిగి, తాతమ్మ బుల్లమ్మ వైపు తిరిగింది. "ఏదో ఒకటి సెప్పవే గుంటా! అలగ గుడ్లప్పగించి సూస్తావేటి? ఏడేళ్ళు సదివినావు గదా, ఒక్క ముక్క మిగల్లేదేటి?"

బుల్లమ్మ ఆలోచించింది. సగం సగం వాక్యాలు తోచాయి. మొదలుంటే చివర లేదు, చివర ఉంటే మొదలు లేదు. మామ్మ మెడ మీది నరాలు బయటికి తేలి కనబడుతున్నాయి. ఇందాక పెరట్లోకి వెళ్తూ ఆమె గోడ పట్టుకుని నిలబడిపోవడం బుల్లమ్మ చూసింది.

గుమ్మంలోంచి ఒడ్డు కనిపిస్తోంది. చినిగిన పెద్దవల ఇసుక మీద పరిచి ఉంది. దాని మధ్యలో గంగులు ఒక్కడూ కూర్చుని, చెక్కసూదితో ముడి మీద ముడి వేస్తున్నాడు.

బుల్లమ్మ నోటికి మాటలు వాటంతటవే వచ్చాయి.

"సముద్రమునకు పోవువాడా, దిగులుపడకుము. నీ వల చినిగిన చోట నా వ్రేళ్ళు ఉన్నవి. నీవు నిద్రించునప్పుడు నేను ముడి వేయుదును. నీవు లేచునప్పుడు అది తెగదు."

అనేశాక భయం వేసింది.

కూర్మమ్మ కళ్ళు మూసుకుంది.

"మళ్ళీ సెప్పు," అంది.

బుల్లమ్మ మళ్ళీ చెప్పింది.

"ఓలమ్మ ఓలమ్మ! ఇన్నాళ్ళూ ఇది నాకు సదవలేదేటే? ఇంత మంచి ముద్ద దాసీసినావేటే?" మామ్మ కంట్లో నీళ్ళు, పెదాల మీద నవ్వు. "ఎక్కడున్నాది?"

"ఎనకాల... ఎనకాల పేజీల్లో ఉన్నాది మామ్మా."

"పుస్తకం వచ్చేక దానికి గుర్తెట్టాల."

ఆ పుస్తకం నిండా మామ్మ గుర్తులే. మనసుకు పట్టిన వాక్యం విన్నప్పుడల్లా వలదారం ముక్క ఒకటి తెంపి ఆ పుటలో పెట్టించేది. అక్షరాలు తెలియకపోయినా ఏ దారం దగ్గర ఏ మాట ఉందో తడిమి చెప్పేది.

గిన్నె దగ్గరకు లాక్కుని, పొర పక్కకు తీసి, కూర్మమ్మ చల్లటి గంజి గటగటా తాగేసింది. తాతమ్మ చేపముక్క కాల్చి ఇస్తే అదీ తినేసింది.

అందరికంటే ముందు సంతోషపడవలసిన బుల్లమ్మకు ఆ చప్పుడు వినబుద్ధి కాలేదు.

* * *

పొద్దు వాలుతుండగా కూర్మమ్మ కర్ర తీసుకుంది. "పద, గంగులు దగ్గరికి," అంది. వద్దన్నా వినలేదు.

గంగులు వలలోంచి లేవకుండానే పలకరించాడు. "అప్పా! నడిసొచ్చినావేటి? గాలికి ఎగిరిపోతావు."

"నీ వల పట్టుకుంటాన్లేరా."

"నా వలా? దీన్ని పట్టుకుంటే నువ్వూ జారిపోతావు." అతను నవ్వలేదు. వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకుని ఉన్నాడు. "నీ మీద నాకు పగ లేదప్పా. నలబై కొంపలు నా మొకం సూస్తన్నాయి. ఏటి సెప్పమంటావు ఆళ్ళకి?"

"నీకోసం ఒక మాట వచ్చిందిరా. ఇను."

కూర్మమ్మ ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. రాగం కూడా అప్పుడే కట్టేసింది. వల మీద వంగి పనిచేసేవాళ్ళు కూనిరాగం తీసినట్టు, నెమ్మదిగా, ముడి దగ్గర ఆగి, ముడి దాటి సాగే రాగం.

గంగులు చేతిలో సూది ఆగిపోయింది.

"నిద్దరోతుంటే ముడేస్తాడా?"

"ఏస్తాడు."

"ఇది గొర్రెలు కాసుకునేవోడి మాట కాదప్పా. ఎవుడో వల ముట్టినోడు రాసినాడు." అతను వల అంచు పట్టుకుని, తను వేసిన ముడి ఒకటి తడిమాడు. "నిజంగా ఉన్నాదేటి ఆ పుస్తకంలో?"

"నా మనవరాలు సదివింది."

గంగులు బుల్లమ్మ వైపు చూశాడు. బుల్లమ్మ కాలి బొటనవేలితో ఇసుక తవ్వుతోంది.

"అయితే ఒక పని సేద్దాం. రేపు పొద్దున్న ఈదినంతా ఇక్కడికి పిలుస్తాను. పుస్తకం దింపుకొస్తాను. ఈ గుంట అందరి ముందూ ఆ మాట తీసి సదవాల. ఉంటే పుస్తకం నీ సేతిలో నానే పెడతాను. పసుపునీళ్ళ ఊసెవ్వడూ ఎత్తడు. నువ్వు పాడుకో."

"లేకపోతే?"

గంగులు తల దించుకున్నాడు. "రాయి కట్టి సముద్రంలో ఒదిలీమంటన్నారప్పా. ఇన్నాళ్ళూ నాను ఆపినాను. ఇంక ఆపలేను."

"లేకపోడానికి ఏటున్నాదిరా?" అంది కూర్మమ్మ, మనవరాలి తల మీద చెయ్యి వేసి. "ఈ గుంట నోట అబద్దం రాదు."

ఆ చెయ్యి ఎండుటాకులా తేలిగ్గా ఉంది. బుల్లమ్మ మెడ మాత్రం వంగిపోయింది.

* * *

పెరట్లో తాతమ్మ ఎండిన చేపలు గంపకు ఎత్తుతోంది. బుల్లమ్మ పక్కన కూర్చుని, రెండు చేపలు వేసి, మూడోది చేతిలోనే పట్టుకుంది.

"అమ్మా. అది పుస్తకంలో లేదే."

"ఏది?"

"పొద్దున్న మామ్మకి సెప్పింది."

తాతమ్మ చెయ్యి గంప మీదే ఆగింది. "మరెక్కడిది?"

"నోటికొచ్చింది అనీసినాను."

సముద్రం మీది గాలికి తడిక ఒకసారి కొట్టుకుంది. తాతమ్మ లేచి వెళ్ళి దాన్ని తాడుతో కట్టి వచ్చి, మళ్ళీ చేపలు ఎత్తడం మొదలుపెట్టింది.

"ఎవురికైనా సెప్పినావా?"

"లేదు. మామ్మకి సెప్పీనా?"

"సెప్పు. సెప్పి, ఆ గిన్నె నువ్వే పట్టుకుని కూకో. నాలుగు రోజులు కూకో. ఐదో రోజు పాడె కట్టించు మీ నాన్న సేత."

బుల్లమ్మకు ఏడుపు వచ్చింది. శబ్దం రాకుండా ఏడవడం ఆమెకు చిన్నప్పటి నుంచి అలవాటు.

కాసేపటికి తాతమ్మ గొంతు తగ్గించింది. "ఇను. ఈదిలో సదువొచ్చినోళ్ళు ఎవురున్నారు? పంతులుగారు దసరా సెలవులకి రాజాం ఎల్లినారు, ఇంకా రాలేదు. ఏ పేజీ తీసినా ఆళ్ళకొకటే. తియ్యి, అదే మాట సెప్పీ."

"పుస్తకం సేత్తో పట్టుకునా?"

"సేత్తో పట్టుకునే."

అలా అన్నదే గానీ తాతమ్మ కూతురి ముఖం చూడలేకపోయింది. ఖాళీ అయిన చాపను రెండుసార్లు దులిపి, చుట్టి, చంకన పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇంట్లోంచి మామ్మ పాట వినబడుతోంది. ఆరు రోజుల తర్వాత ఆ గొంతులో జీవం వచ్చింది. ఆమె బుల్లమ్మ మాటలనే పాడుతోంది. పాడుతూ తొడ మీద దారం పేనుతోంది.

* * *

తెల్లారింది. లక్ష్ముడు తెప్ప ఒడ్డుకు లాగి, తడిబట్టతోనే ఇంటికి వచ్చాడు. నీళ్ళ చెంబు అందించిన బుల్లమ్మ చెయ్యి వదలకుండా పట్టుకున్నాడు.

"అమ్మీ, మామ్మ నాకూ సెప్పింది ఆ మాట."

బుల్లమ్మ చెంబు వైపే చూస్తోంది.

"నవ్వకు. తెప్ప మీద దాన్నే అనుకుంటా కూకున్నాను. కెరటం పెద్దదొచ్చింది. బయమెయ్యలేదే." అతను నీళ్ళు తాగలేదు. "పుస్తకం పట్టుకెళ్ళి ఇచ్చినోణ్ణి నానే. ఆ రోజు నుంచి మా అమ్మ మొకం సూడ్డానికి నాకు మొకం లేదు. ఈయాల నువ్వు దాన్ని ఇంటికి తెచ్చీసినావనుకో..."

మాట పూర్తి చెయ్యలేక చెంబెత్తి గటగటా తాగేశాడు.

'నాన్నా, అది నాను కల్పించినదే.' ఆ మాట బుల్లమ్మ గొంతు దాకా వచ్చింది. నాన్న అప్పటికే తుండుగుడ్డతో ముఖం తుడుచుకుంటున్నాడు. తుడుచుకుంటున్నది ఉప్పునీళ్ళో కన్నీళ్ళో ఆమెకు తెలియలేదు. మాట వెనక్కు వెళ్ళిపోయింది.

* * *

ఒడ్డున వల చుట్టూ వీధంతా ఉంది. మగవాళ్ళు గొంతుక్కూర్చున్నారు. ఆడవాళ్ళు గంపలు బోర్లించుకుని కూర్చున్నారు. బాగుచేసిన నడి సంచి, కొత్త దారంతో, పాత వల మీద తెల్లగా కనబడుతోంది.

"సదివించండి బేగి, ఎండెక్కుతాది," అన్నాడు వెనక నుంచి నూకయ్య. వల చినిగిన నాడు అందరికంటే ముందు పుస్తకం పేరెత్తినది అతనే. "సంతలో నిలబడి సాటు మాటలెందుకు? ఉన్నాదో లేదో తేలిపోతాది."

"నువ్వు నోరు మూసుకో. నీకు అంకెలే రావు, అక్షరాల ఊసు నీకెందుకు?" అంది ఒక గంప మీది ఆడమనిషి. నలుగురు నవ్వారు.

బుల్లమ్మ ఎప్పుడూ ఇంతమంది మధ్య నిలబడి ఎరగదు. బళ్ళో హాజరు పలికేటప్పుడు కూడా పంతులుగారు "ఇంకాస్త గట్టిగా" అనేవారు.

గంగులు కొత్త తువ్వాలులో చుట్టిన పుస్తకం తెచ్చాడు. దూలం మీది మసి కొంచెం అట్టకు అంటింది. దాన్ని తన పంచెతో తుడిచి, రెండు చేతులతో అందించాడు.

"సదువు తల్లీ. బయపడకు."

పుస్తకం బరువుగా ఉంది. అంచుల నుంచి వలదారం ముక్కలు వేలాడుతున్నాయి, పాతవి గోధుమరంగు తిరిగి, కిందటేటివి ఇంకా తెల్లగా. ఒక్కొక్కటీ తను పెట్టినదే. ఒక్కొక్కటీ నిజంగా ఉన్న మాట దగ్గరే పెట్టింది.

లక్ష్ముడు గుంపులో నిలబడి ఉన్నాడు. అతని పెదవులు కదులుతున్నాయి. లోపల ఆ మాటే అనుకుంటున్నాడని బుల్లమ్మకు తెలిసిపోయింది. తాతమ్మ మాత్రం సముద్రం వైపు తిరిగి నిలబడింది.

బుల్లమ్మ వెనక పుటలు తెరిచింది. గాలికి అవి రెపరెపలాడాయి. నల్లటి అక్షరాలు వరసగా ఉన్నాయి. వాటిలో సముద్రం ఉంది గానీ, వల లేదు. వేళ్ళు లేవు. ముడి లేదు.

ఒడ్డున ఎవరికీ అక్షరం రాదు. అంతమంది కళ్ళు ఆమె మీద ఉన్నా, పుట మీద ఒక్క కన్నూ లేదు.

అప్పుడు కూర్మమ్మ కర్ర ఊతంతో లేచి, నాలుగు అడుగులు వేసి మనవరాలి పక్కకు వచ్చింది. ఆమె చేతిలో దారం ఉంది. తొడ మీద పేనినది, తెల్లగా, జానెడు పొడుగు.

"ముందు గుర్తెట్టీ, తర్వాత సదువుదువు గాని," అంది. "ఏ వరస? నా యేలు పట్టుకుని దాని మీద పెట్టు. ఒకసారి ముట్టుకుంటాను."

బుల్లమ్మ కదల్లేదు.

"ఏటే? కనపడ్డం లేదేటి?"

"మామ్మా..."

ఆ పిలుపు ఎంత నెమ్మదిగా వచ్చిందంటే, పక్కనే ఉన్న గంగులుకు కూడా వినబడలేదు. కూర్మమ్మకు మాత్రం వినబడింది. దగ్గరకు వంగి, ఒక చేత్తో దారం పట్టుకుని, రెండో చేతి చూపుడువేలు పుట మీదికి చాచింది. కళ్ళు మూసుకుంది.

పొద్దుటి నుంచి ఆమె ఏమీ తినలేదు. ముద్ద అందుకోబోయే పసిపిల్లలా నోరు కొంచెం తెరిచి, ఎదురు చూస్తోంది.

బుల్లమ్మ ఆ వేలు పట్టుకుంది.